తాళం వేసిన పక్క మల్గీ

అబిడ్స్‌లో ఒక కోచింగ్ సెంటర్లో నేను రీజనింగ్ చెబుతాను. పెద్ద పోస్టాఫీసు దాటి లోపలికి తిరిగితే వచ్చే సందులో, చెప్పుల దుకాణం పైన ఉంటుంది. బ్యాంకు ఉద్యోగాలకీ గ్రూప్స్‌కీ చదివే పిల్లలు వస్తారు. మధ్యాహ్నానికి నా క్లాసులు ముగించుకుని హిమాయత్‌నగర్‌లో ఇంటికి వెళ్లిపోతాను. మా తాతగారు ప్రభుత్వోద్యోగంతో పాటు కోస్తా నుంచి ఈ ఊరికి వచ్చారు. నేను పుట్టి పెరిగింది ఇక్కడే. అయినా నేను నోరు విప్పగానే మీది ఆంధ్రానా మేడం అని అడిగేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు.

అనుమానం నాకు చిన్నప్పటినుంచీ ఎక్కువే. పాలవాడు నవ్వుతూ పలకరిస్తే ఆ రోజు పాలు పల్చగా ఉన్నాయేమోనని చూసుకుంటానని మా ఆయన వేళాకోళం చేస్తాడు. రీజనింగ్ చెప్పడానికి అది పనికొచ్చే గుణమేనని నేను సమర్థించుకుంటూ ఉంటాను.

పోయిన వానాకాలంలో మా బ్యాచ్‌లో ఒక పెద్దాయన చేరాడు. అరవైకి దగ్గర్లో ఉంటాడు. ఇస్త్రీ చొక్కా, జేబులో కళ్లజోడు డబ్బా. ఈ వయసులో ఏ ఉద్యోగానికి అర్హత ఉంటుంది? అడిగితే "ఊకెనే, నేర్చుకుందామని" అన్నాడు. పిల్లలు అంకుల్ అని పిలిచేవాళ్లు. చివరి బెంచీలో కూర్చునేవాడు. నా క్లాసు అవగానే లేచి వెళ్లిపోయేవాడు. లెక్కల క్లాసుకు ఒక్కనాడూ ఉండలేదు. వారం చివర్లో పెట్టే పరీక్ష రాసేవాడు కాదు, ప్రశ్నపత్రం మాత్రం అడిగి తీసుకుని మడిచి జేబులో పెట్టుకునేవాడు.

ఆ రోజుల్లోనే నేను వాదనలను బలపరిచే ప్రశ్నలు మొదలుపెట్టాను. ఒక వాదన ఇస్తారు, కింద నాలుగు మాటలు ఇస్తారు, వాటిలో ఏది ఆ వాదనకు బలం ఇస్తుందో చెప్పాలి. బోర్డు మీద ఒకటి రాశాను. ఒక ఊళ్లో బడి ముందు స్పీడ్ బ్రేకర్ వేశాక ప్రమాదాలు తగ్గాయి, కాబట్టి తగ్గింది స్పీడ్ బ్రేకర్ వల్లే. దీన్ని ఏది బలపరుస్తుంది? ఊరివాళ్లంతా స్పీడ్ బ్రేకర్ కావాలని ధర్నా చేశారన్నదాన్ని సగం క్లాసు ఎంచుకుంది. అది జాలి పుట్టిస్తుంది గాని బలం ఇవ్వదని చెప్పాను. స్పీడ్ బ్రేకర్ వేయని పక్క రోడ్డు మీద అదే కాలంలో ప్రమాదాలు తగ్గలేదు అన్నదే జవాబు. ఇంకేదో కారణం ఉండి ఉండొచ్చన్న సందేహాన్ని అది తీసేస్తుంది.

పెద్దాయన చెయ్యెత్తాడు. "పక్క రోడ్డు మీద తగ్గలేదన్న మాట నిజమా అబద్ధమా, ఎవరు చూస్తరు మేడం?"

పరీక్షలో నిజమనే అనుకోవాలండీ, 'కింది మాటలు నిజమైతే' అని ప్రశ్నలోనే ఉంటుంది కదా అన్నాను.

"మరి బయటనైతే?"

పిల్లలు నవ్వారు. నేను తరవాతి ప్రశ్నకు వెళ్లిపోయాను. కానీ ఆ మాట నాకు నచ్చలేదు. పరీక్ష రాయనివాడికి బయట సంగతి ఎందుకు?

కొన్నాళ్లకు మా సెంటర్ నడిపే సార్ నన్ను గదిలోకి పిలిచి తలుపు దగ్గరగా వేశాడు. రోడ్డుకు అవతల బిల్డింగులో మాకు పోటీ సెంటర్ ఒకటి ఉంది. వాళ్ల ప్రాక్టీసు పేపరు ఎవరో విద్యార్థి తెచ్చి ఇచ్చాడట. అందులో నా స్పీడ్ బ్రేకర్ ప్రశ్న ఉంది. అంతేకాదు, నేను పొరపాటున ఒకే జవాబును రెండుసార్లు టైపు చేశాను, ఆ పొరపాటు కూడా ఉన్నదున్నట్టు ఉంది. నా ఒళ్లు మండింది. పెద్దాయన మీద ఓ కన్నేసి ఉంచమని సార్ అన్నాడు. ఆయన చెప్పకపోయినా నేను చేసేది అదే.

మర్నాడు క్లాసు కాగానే కిటికీ దగ్గర నిలబడ్డాను. పెద్దాయన మెట్లు దిగి, ఆటోలు తప్పించుకుంటూ రోడ్డు దాటి, తిన్నగా ఆ బిల్డింగులోకే వెళ్లాడు. ఆ తరవాత కూడా మరికొన్నిసార్లు చూశాను, అక్కడికే వెళ్లేవాడు. ఇంకేం కావాలి?

అయినా సార్‌కి వెంటనే చెప్పలేదు. ఎందుకో ఇంకొంచెం గట్టి ఆధారం దొరికితే బాగుండుననిపించింది. అది దొరికిందనుకున్నది నాంపల్లిలో. మా అమ్మాయి సర్టిఫికెట్లో పేరు తప్పు పడితే అఫిడవిట్ కోసం కోర్టు దగ్గరికి వెళ్లాను. టైపు మెషిన్ల బల్లల అవతల, నల్లకోటు వేసుకున్న ఒక వకీలు పక్కన మా పెద్దాయన నిలబడి ఉన్నాడు. నన్ను చూశాడు, చూసి ముఖం అటు తిప్పుకున్నాడు. ముఖం తిప్పుకున్నవాడు ఏదో దాస్తున్నట్టే.

ఇది విన్నాక మా సార్‌కి పేపర్ల సంగతి పోయి వేరే భయం పట్టుకుంది. మా సెంటరుకు మెట్ల దారి ఒక్కటే, నిప్పంటుకుంటే బయటపడటానికి వేరే దారి లేదు. ఎవరో దాని మీద కేసు వేయించడానికి ఈయన్ని లోపలికి పంపారని ఆయన తేల్చేశాడు. రెండు రోజుల్లో గోడకు మంటలార్పే కొత్త ఎర్ర సిలిండరు వేలాడింది.

ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు పరుస్తారు. పజిల్స్ పుస్తకాల కోసం నేను తరచూ వెళ్తాను. ఆ ఆదివారం మూసిన షట్టర్ల ముందు గొంతుక్కూర్చుని పెద్దాయన ఒక పాత రీజనింగ్ గైడు తిరగేస్తున్నాడు. నేను పక్కకు వెళ్లి నిలబడి సూటిగానే అడిగాను, మీరు మా సెంటరుకు ఎందుకు వస్తున్నారని. ఎదురు బిల్డింగులో మీకేం పని అని కూడా అడిగాను.

ఆయన లేవడానికి కొంచెం టైము పట్టింది. మోకాళ్లు పట్టుకుని లేచి, "గాడ మా వకీల్ సాబ్ ఆఫీసు ఉంటది మేడం, పై అంతస్తుల" అన్నాడు.

తరవాత నిలబడే అంతా చెప్పాడు. వాళ్లది పాత హైదరాబాదు వ్యాపారుల కుటుంబం. అబిడ్స్‌లోనే స్కూలు యూనిఫాంలు, బెల్టులు, టైలు అమ్మే దుకాణం. వాళ్ల నాన్న పెట్టినది, కిరాయి మల్గీలో. షాపు గదిని ఇక్కడివాళ్లు మల్గీ అంటారు. తమ్ముడూ తనూ కలిసి నడుపుతున్నారు. బిల్డింగు ఓనరు ఇప్పుడు తన కొడుకు వ్యాపారం పెట్టుకోవడానికి ఆ మల్గీ కావాలని కోర్టుకు వెళ్లాడు. ఈయనకు తన వకీలు మీదే నమ్మకం లేదు. ఓనరుకు అమ్ముడుపోయాడేమోనని అనుమానం. కోర్టులో ఏం మాట్లాడుతున్నాడో, అది తనకు మేలు చేసేదో కీడు చేసేదో తెలియడం లేదు. అలాంటప్పుడు మా సెంటరు బోర్డు మీద వాదనలు బలపరచుట, బలహీనపరచుట నేర్పబడును అని చూశాడట. వచ్చి కూర్చున్న మొదటి రోజే ఇది వేరే సంగతని అర్థమైంది. అయినా కొంత పనికొస్తుందనిపించి మానలేదు.

"కోర్టుల మిమ్మల్ని చూసి సిగ్గయింది మేడం. కేసున్నోడని అనుకుంటరని."

నేను నమ్మానా అంటే, పూర్తిగా నమ్మలేదు. ఇంత చక్కగా అతికే కథ ముందే తయారుచేసుకుని ఉండొచ్చు. అందుకే పరీక్షించినట్టు, మీ వాదన ఏమిటో చెప్పండి అన్నాను. మా నాన్న కాలం నుంచి ఉన్నామన్నాడు. ఓనరు తండ్రి మంచివాడు, ఈ ఓనరే పీనాసి అన్నాడు. కిరాయి ఒక్క నెల ఆపలేదన్నాడు. ఇవేవీ ఓనరు అడుగుతున్నదాన్ని తాకడం లేదండీ, ఆయన తన కొడుక్కి చోటు లేదంటున్నాడు, దాన్ని దెబ్బతీసే మాట ఏదైనా ఉందా అని అడిగాను.

ఆయన వెంటనే అన్నాడు, "నా దుకాణం పక్కనున్న మల్గీ గూడ ఓనర్‌దే. ఎప్పుడు జూసినా తాళమే ఉంటది. ఖాళీగున్నది ఇడిసి నాది గావాల్నట."

నా క్లాసులో ఎవరైనా ఆ జవాబు చెప్పి ఉంటే శభాష్ అనేదాన్ని. ఇంత గట్టి మాట కోర్టులో ఎందుకు రాలేదు? వకీలుకు చాలాసార్లు చెప్పాడట. ప్రతిసారీ చూద్దాం సేట్ అంటాడు, మాట మారుస్తాడు. ఇప్పుడు నాకు కూడా వకీలు మీద అనుమానం కలిగింది. ఆయన నిజమే చెబుతున్నాడో లేదో తేల్చుకోవడానికీ అదే దారి కాబట్టి, ఈసారి వెళ్లేటప్పుడు నేనూ వస్తానన్నాను.

ఆ వారంలోనే వెళ్లాం. ఎదురు బిల్డింగు కింద జిరాక్స్ షాపు ఉంది. మా సెంటరు పేపర్లు కాపీ తీయించేది అక్కడేనని అప్పటిదాకా నాకు తెలియదు. కౌంటరు మీద మా పేపర్ల కట్ట, దాన్ని ఆనుకునే పోటీ సెంటరు వాళ్ల కట్ట. రెండింటి మీదా ఎవరి కాపలా లేదు. నా ప్రశ్న రోడ్డు ఎలా దాటిందో నాకు అర్థమైనట్టే అనిపించింది. ఆ సాయంత్రం సార్‌కి చెబితే, ఆయన కాసేపు ఆలోచించి జిరాక్స్ షాపు మార్చాడు. పెద్దాయన గురించి మళ్లీ ఎత్తలేదు.

వకీలుకు నా వయసే ఉంటుంది. ఫైళ్ల మధ్యలో టిఫిన్ డబ్బా తెరిచి తింటున్నాడు. నేను ఎవరినని అడిగాడు. మా మేడం అన్నాడు పెద్దాయన. పక్క మల్గీ సంగతి మళ్లీ మొదలుపెట్టాడు. వకీలు ఎప్పటిలాగే చూద్దాం సేట్ అన్నాడు. నేను ఊరుకోలేక, ఆ ఒక్క ప్రశ్న అడిగితే ఓనరు వాదన పడిపోతుంది కదా, ఎందుకు అడగడం లేదని అడిగాను.

వకీలు చెయ్యి తుడుచుకున్నాడు. నన్ను కాసేపు బయట కూర్చోమన్నాడు. పెద్దాయన వద్దన్నాడు, ఏదున్నా మేడం ముందే చెప్పమన్నాడు.

"ఆ మల్గీ ఖాళీ లేదు సేట్. కేసు వేయక ముందే కిరాయికి ఇచ్చాడు. నేను కోర్టులో అడిగితే, తీసుకున్నాయనను పిలిచి సాక్ష్యం చెప్పిస్తారు. మీకు ఇంకో దుకాణం పక్కనే ఉందని వాళ్ల వాదనకే బలం వస్తుంది."

"ఎవరు తీసుకున్నరు?"

వకీలు ఒక్క క్షణం నా వైపు చూశాడు. "మీ తమ్ముడు."

అవతలి వకీలు మాటల్లో మాటగా తనకు ఈ విషయం చెప్పాడట. ఇంట్లో గొడవ అవుతుందని ఇన్నాళ్లూ దాచానన్నాడు. పెద్దాయన కళ్లజోడు తీసి, తుడిచి, డబ్బాలో పెట్టి, మూత నొక్కాడు. చివరికి, "నువ్వు చెప్తున్నవ్ సాబ్. నిజమని నేనెట్ల నమ్మాలె?" అన్నాడు. తమ్ముణ్ణే అడగండి అన్నాడు వకీలు.

మెట్లు దిగుతూ కూడా ఆయన అదే మాట అన్నాడు. వకీలు తన తప్పు కప్పిపుచ్చుకోవడానికి అన్నదమ్ముల మధ్య పుల్లలు పెడుతున్నాడని. నాకూ అలాగే తోచింది. మళ్లీ అదే నిమిషంలో, తాళం తీసేవాడు ఒక్కసారైనా కనపడకుండా ఎలా ఉంటాడు, పొద్దస్తమానం ఈయన పక్కనే కూర్చునే మనిషి అయితే తప్ప, అని కూడా తోచింది. పైకి అనలేదు.

ఆ తరవాత ఆయన క్లాసుకు రాలేదు. ఉండబట్టలేక, మా అమ్మాయికి బెల్టు కొనాలన్న వంకతో దుకాణానికి వెళ్లాను. కౌంటరు వెనక అన్నదమ్ములిద్దరూ ఉన్నారు. తమ్ముడు సన్నగా, చురుగ్గా ఉన్నాడు. నాకు స్టూలు వేశాడు, చాయ్ తెప్పిస్తానన్నాడు. మా అన్న ఈ మధ్య సరిగ్గా తింటలేడు, కేసు ఫికర్ పెట్టుకున్నడు, మీరన్నా చెప్పండి మేడం అన్నాడు. అంత ఆప్యాయంగా మాట్లాడుతుంటే నేను అతని ముఖంలో ఏదో వెతుకుతూనే ఉన్నాను. పక్క మల్గీ షట్టరుకు తాళం ఉంది.

పెద్దాయన నన్ను సాగనంపడానికి రోడ్డు మీదికి వచ్చాడు. అడిగారా అన్నాను.

"లేదు మేడం. అడిగితే లేదంటడు, నేను నమ్మ. ఔనంటే, రేపటి సంది వానితోని ఒక్క దగ్గర కూసొని అన్నమెట్ల తినాలె? అందుకే అడుగుత లేను."

అడగకుండా ఉండటం ఆయన వల్ల కాలేదు. కానీ ఇంట్లో అడగలేదు. ఏదైతే అదయింది, కోర్టులోనే ఆ ప్రశ్న వేయమని వకీలు దగ్గర పట్టుబట్టాడు. వకీలు ఎంత వద్దన్నా వినలేదు. వకీలు అమ్ముడుపోయాడో లేదో అలాగైనా తేలుతుందన్నాడు. ప్రమాణం చేసి ఓనరు చెప్పేది ఏదో ఒకటి చెవులారా వినాలని ఆయన కోరిక.

ఆ రోజు నేను సెలవు పెట్టి నాంపల్లికి వెళ్లాను. కోర్టు హాలు ఇరుగ్గా, చెమట వాసనతో ఉంది. తమ్ముడు కూడా వచ్చాడు. అన్న పక్కనే, అన్నకు తెచ్చిన నీళ్ల సీసా పట్టుకుని నిలబడ్డాడు. ఓనరును బోనులోకి పిలిచారు. వకీలు వేరే ప్రశ్నలు కొన్ని వేసి, పక్క మల్గీ ఖాళీగా ఉందా లేదా అని అడిగాడు. లేదు, కిరాయికి ఇచ్చానన్నాడు ఓనరు. ఎవరికి? ఓనరు వేలెత్తి చూపించాడు. ఆ వేలు పెద్దాయన వైపే ఉన్నట్టు అనిపించింది, చూపించింది ఆయన పక్కవాణ్ణి.

పెద్దాయన తల తిప్పలేదు. తమ్ముడు సీసా మూత బిగించాడు, అప్పటికే బిగించి ఉన్నదాన్ని.

బయట వరండాలో తమ్ముడే ముందు మాట్లాడాడు. "నీ కోసమే తీసుకున్న అన్నా. ఓనరు నియ్యత్ బాగలేదని నాకు ముందే ఎర్కైంది. రేపు మల్గీ పోతే దుకాణం యాడ పెడ్తవ్? నీకు జెప్తే కేసు ఇడిసిపెట్టి కూసుంటవని చెప్పలే."

పెద్దాయన చాలాసేపు అతని వైపు చూశాడు. నేను కూడా చూశాను. అబద్ధమాడేవాడి ముఖంలా లేదు. కానీ నిజం చెప్పేవాడి ముఖం ఎలా ఉంటుందో నాకు ఎప్పుడు తెలిసింది గనక? ముందే తెలిసినవాడు అన్నకోసం చోటు చూసిపెట్టి ఉండొచ్చు. అన్న మల్గీ ఖాళీ అయ్యేలా నోరు మూసుకుంటానని ఒప్పుకుని, బదులుగా ఈ చోటు పుచ్చుకుని ఉండొచ్చు. తీసుకున్నది ఒకటే, దాచింది ఒకటే. ఎటు పెడితే అటు బలమే. అవతలి వైపును కొట్టేసే మాట ఒక్కటి కూడా నాకు దొరకలేదు.

ఆయన తమ్ముడి చేతిలో సీసా తీసుకుని నీళ్లు తాగాడు. "పోదాం పా, దుకాణం తెరవాలె" అన్నాడు. ఇద్దరూ ఒకే ఆటోలో వెళ్లారు.

కేసు ఓడిపోయారు. పై కోర్టుకు వెళ్దామని వకీలు అన్నాడట, పెద్దాయన వద్దన్నాడు. వకీలు నిజమే చెప్పాడని తేలింది కదా, ఇప్పటికైనా నమ్మకం కుదిరిందా అని ఫోనులో అడిగాను. ఆ ఒక్కటి నిజం చెప్పిండు మేడం, మిగిలినవి ఎవరికెరుక అన్నాడు. ఖాళీ చేసి సరుకంతా పక్క మల్గీలోకి మార్చుకున్నారు. పాత మల్గీలో ఓనరు కొడుకు నిజంగానే ఫోన్ కవర్ల దుకాణం పెట్టాడు.

ఈ ఎండాకాలం బడులు తెరిచే ముందు మా అమ్మాయి యూనిఫాంకని వెళ్లాను. కొత్త దుకాణం పాతదానికంటే కొంచెం వెడల్పుగా ఉంది. తమ్ముడు గల్లాపెట్టె దగ్గర కూర్చున్నాడు. ఇదివరకు అది అన్న కూర్చునే చోటు. పెద్దాయన అల్మారాల వైపు నిలబడి సైజులు చూపిస్తున్నాడు. నన్ను చూసి సంతోషించాడు, బ్యాచ్‌లో పిల్లలకు ఉద్యోగాలు వచ్చాయా అని అడిగాడు.

తమ్ముడు ఎవరో తల్లితో బేరంలో పడ్డాక నేను గొంతు తగ్గించి, అంతా సర్దుకుందా అన్నాను.

ఆయన స్కర్టు మడత విప్పి నాకు కుట్టు చూపిస్తూ, అదే గొంతుతో, "ఇంట్ల వంట వేరు చేసుకున్నం మేడం. దుకాణం ఒక్కటే" అన్నాడు.

తమ్ముడు అటునుంచి, అన్నా, ముప్పై రెండు నడుం ఉందా అని కేక వేశాడు. ఆయన వెనక్కి తిరిగి, అల్మారాలో చెయ్యి పెట్టి, చూడకుండానే సరైనది తీసి అందించాడు.